పీసీఓఎస్‌కి పిల్స్ వాడుతుంటే మధ్యలో బ్లీడింగ్: ఏది ముందు చూడాలి, ఏం చేయాలి

పీసీఓఎస్‌కి, అంటే అండం నెలనెలా విడుదల కాక పీరియడ్స్ గాడి తప్పే సమస్యకి, పిల్స్ వాడుతూ స్ట్రిప్ సగంలో ఉండగా బ్లీడింగ్ కనిపిస్తే చాలామంది మొదట చేసే పని మాత్రలు మానేయడం. "నాకు ఇవి పడట్లేదు" అనుకుని పక్కన పెట్టేస్తారు. రెండు మూడు రోజుల్లో బ్లీడింగ్ ఇంకా పెరుగుతుంది, కంగారూ పెరుగుతుంది. అలా పెరగడంలో వింతేమీ లేదు. ఒంట్లోకి వెళ్ళే హార్మోను ఆగిపోతే గర్భాశయం లోపలి పొర ఊడి రక్తంగా బయటికి వస్తుంది. ప్రతినెలా స్ట్రిప్ అయిపోయాక వచ్చే పీరియడ్ కూడా అలా వచ్చేదే. కాబట్టి కింద చెప్పే ప్రమాద లక్షణాలు లేకపోతే మాత్ర ఆపకండి. రోజూ వేసుకునే టైముకే వేసుకుంటూ ఒక్కొక్కటీ వరుసగా చూసుకుంటూ రండి.

నేను డాక్టర్ని కాను. బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం పీజీల్లో ఉండే మన అమ్మాయిలు ఈ విషయం ఇంట్లో అమ్మకి చెప్పలేక, మేనేజర్‌కి చెప్పలేక, రాత్రి పదకొండింటికి ఎవరో ఒక అక్కని అడుగుతారు కదా, ఆ అక్క చెప్పే మాటలు అనుకోండి.

ముందు ఇది ఆసుపత్రి కేసా కాదా తేల్చుకోండి

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి వస్తున్నా తెల్లారేదాకా ఆగకండి. దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి. ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా పక్కనే వాణీ విలాస్ ఉంది, అది ఆడవాళ్ళకీ పిల్లలకీ ప్రత్యేకంగా ఉన్నదే.

బ్లీడింగ్‌తో సంబంధం లేని లక్షణాలు ఇంకొన్ని ఉన్నాయి, పిల్స్ వాడే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సినవి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం. ఇవి రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. ఇలాంటప్పుడు మాత్రం పిల్ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, పిల్స్ వాడుతున్నట్టు అక్కడ మొదటే చెప్పాలి.

ఇవేవీ లేకుండా గోధుమరంగు మరకలో, ప్యాంటీ లైనర్‌తో సరిపోయే ఎర్రటి చుక్కలో అయితే (స్పాటింగ్ అనేది దీన్నే) తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి, మొహమాటం వద్దు

"పిల్స్ మీదే ఉన్నాను కదా" అని దీన్ని దాటేయకండి. మాత్ర తప్పినా, వాంతులయినా గర్భం వచ్చే వీలుంది. గర్భం గర్భాశయం బయట ట్యూబులో నిలిస్తే మొదట కనిపించేది ఈ కొద్దికొద్ది బ్లీడింగే, దాంతో పాటు ఒకవైపు నొప్పి. మెడికల్ షాపులో కిట్ దొరుకుతుంది, పొద్దున్నే మొదటి యూరిన్‌తో చేయండి. కలిసి మూడు వారాలు దాటాక చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చు. పెళ్ళయిందా లేదా అన్న లెక్క కిట్‌కి లేదు, మీరూ పెట్టుకోకండి. ఎవరితోనూ కలవలేదంటే ఈ మెట్టు దాటి ముందుకు వెళ్ళండి.

స్ట్రిప్ తిప్పి వెనక చదవండి

"పీసీఓడీకి టాబ్లెట్స్ ఇచ్చారు" (పీసీఓఎస్‌నే పీసీఓడీ అని కూడా అంటారు) అన్న ఒక్క మాటలో నాలుగు రకాల మందులు కలిసిపోయి ఉంటాయి. ఏది వాడుతున్నారో తెలియకుండా బ్లీడింగ్ ఎందుకో చెప్పలేం.

స్ట్రిప్ వెనక ఇథినైల్ ఎస్ట్రడియోల్ అని ఉండి, దానితో పాటు ఇంకో హార్మోను పేరు ఉంటే అది మామూలు గర్భనిరోధక పిల్. నోవెలాన్, ఫెమిలాన్, యాస్మిన్, ఓవ్రాల్-ఎల్, డయాన్-35, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, అన్నీ ఈ కోవలోవే. ఈ వ్యాసం వీటి గురించే.

డెవిరీ, ప్రిమొల్యూట్-ఎన్, రెజెస్ట్రోన్ లాంటివి వేరు. నెలల తరబడి పీరియడ్ రాకపోతే రప్పించడానికో, వచ్చేదాన్ని వాయిదా వేయడానికో, ఎక్కువైన బ్లీడింగ్‌ని ఆపడానికో డాక్టర్లు కొద్దిరోజులకి ఇస్తారు. ఇలా వాడినప్పుడు ఇవి గర్భం రాకుండా ఆపుతాయని అనుకోకూడదు. వారానికి ఒకటి రెండు వేసుకునే ఛాయా, సహేలీల్లో అసలు హార్మోనే లేదు, వాటి పద్ధతే వేరు. ఇక ఐ-పిల్ లాంటి ఎమర్జెన్సీ మాత్ర ఈ మధ్య వేసుకుని ఉంటే, ఈ నెల బ్లీడింగ్ అటూ ఇటూ కావడానికి అదొక్కటే చాలు.

పేరు చూశాక అంకె చూడండి. ఇథినైల్ ఎస్ట్రడియోల్ పక్కన 20 మైక్రోగ్రాములని ఉందా, 30 అనా, 35 అనా? కొన్ని స్ట్రిప్‌ల మీద 0.02, 0.03 మిల్లీగ్రాములని ఉంటుంది, రెండూ ఒకటే. 20 డోసులో మధ్యలో స్పాటింగ్ కాస్త ఎక్కువ. అలాగని 35 మేలని కాదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు పనిచేసినంతలో తక్కువ డోసే మంచిదన్నాయి. సైప్రొటిరోన్‌తో కలిసిన 35 మాత్రని, అంటే డయాన్-35 రకాన్ని, మొదటి మందుగా ఇవ్వొద్దన్నాయి. మన దగ్గర మొటిమలతో వెళ్ళిన అమ్మాయికి ఇప్పటికీ చాలాచోట్ల మొదట రాసేది అదే. మీకూ అదే రాసి ఉంటే కారణం ఏమిటో అడగండి. కారణం ఉండొచ్చు, అడగడంలో తప్పయితే లేదు.

ఇంకొకటి. పది నిమిషాల్లో మందులు తెచ్చే యాప్‌లోనో, వీధి చివరి షాపులోనో మీ బ్రాండ్ లేకపోతే "సేమ్ కాంపొజిషన్ మేడమ్" అని వేరేది ఇస్తారు. అంకె కూడా సేమేనా? పోయిన నెల 30, ఈ నెల 20 అయితే స్పాటింగ్‌కి కారణం మీ చేతిలోనే ఉంది. రెండు స్ట్రిప్‌లు ముందే కొనిపెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఎన్నో స్ట్రిప్?

మొదటి మూడు స్ట్రిప్‌ల్లో స్పాటింగ్ చాలా మామూలు. పీసీఓఎస్‌లో అండం నెలనెలా విడుదల కాదు. కాకపోతే ప్రొజెస్టిరోన్ తయారుకాదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తూ గర్భాశయం లోపల పొరను పెంచుతూ పోతుంది. అందుకే నెలల తరబడి ఏమీ రాదు, వచ్చినప్పుడు ఆగదు. పిల్ మొదలుపెట్టాక ఆ పాత పొర ఒక్కసారిగా దిగిపోదు. ఎన్నో ఏళ్ళుగా పూత మీద పూత వేసిన గోడ నుంచి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలినట్టు అక్కడింత ఇక్కడింత పోతుంది. తర్వాత పిల్ ఆ పొరను పల్చగా ఉంచుతుంది. పల్చటి పొరలోని సన్న రక్తనాళాలు తేలిగ్గా చిట్లుతాయి, అది ఇంకో కారణం. మూడు నెలలకి చాలామందిలో సర్దుకుంటుంది.

అంటే మొదటి నెల స్పాటింగ్‌కి బ్రాండ్ మార్చేస్తే ఆ మూడు నెలల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ప్రతినెలా డాక్టర్ని, మాత్రని మార్చుకుంటూ పోయేవాళ్ళకి ఏ మాత్ర పడిందో ఎప్పటికీ తెలియదు.

మూడు నెలలు దాటినా ఆగకపోతే, లేక చాలాకాలం బాగా ఉండి ఇప్పుడు కొత్తగా మొదలైతే, ఓపిక పట్టడం జవాబు కాదు. కారణం వెతకాలి.

టైము, గ్యాపు: ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు

నన్నడిగితే డాక్టర్ దగ్గరికి పరిగెత్తేముందు నిజాయితీగా చూసుకోవాల్సింది ఇదే. సోమవారం రాత్రి తొమ్మిదికి, మంగళవారం షిఫ్ట్ అయ్యాక తెల్లవారుజామున, శుక్రవారం విజయవాడ నైట్ బస్సులో ఉన్నారు కాబట్టి శనివారం టిఫిన్ తర్వాత. లెక్క ప్రకారం ఒక్క మాత్రా తప్పలేదు. కానీ రక్తంలో హార్మోను లేచి పడుతుంటే పల్చటి పొర దానికి స్పాటింగ్‌తో జవాబిస్తుంది. షిఫ్ట్ ఏదైనా, ఊరు ఏదైనా మారని పనికి మాత్రని కట్టేయండి. పళ్ళు తోముకోవడం కావచ్చు, ఫోన్ చార్జింగ్‌కి పెట్టడం కావచ్చు. స్ట్రిప్ పీజీ అల్మారాలో కాకుండా ఎప్పుడూ తీసుకెళ్ళే హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి. పండక్కి ఊరెళ్ళేటప్పుడు మరిచిపోయేది చార్జర్ కాదు, ఇదే.

తప్పిపోతే ఇలా చేయండి. ఒక్క మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని తర్వాతది మామూలు టైముకే వేసుకోండి, ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. వరుసగా రెండో అంతకంటే ఎక్కువో తప్పితే, వాటిలో చివరి ఒక్కటి మాత్రం వేసుకుని మిగతా తప్పినవి పారేయండి. అక్కణ్ణుంచి రోజూ ఒకటి, 7 రోజులపాటు కండోమ్ తప్పనిసరి. ఈ తప్పడం స్ట్రిప్ మూడో వారంలో జరిగితే గ్యాపు (స్ట్రిప్‌కీ స్ట్రిప్‌కీ మధ్య మాత్రలు ఆపే రోజులు) తీసుకోకుండా నేరుగా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టండి. మొదటి వారంలో జరిగి, ఆ దగ్గరి రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే ఎమర్జెన్సీ మాత్ర అవసరమేమో అదే రోజు డాక్టర్ని అడగండి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. విరేచనాలు ఒక రోజు దాటి గట్టిగా పట్టుకుంటే మాత్రలు తప్పినట్టే లెక్క.

ఇక గ్యాపు. 21 మాత్రల స్ట్రిప్ అయితే 7 రోజులు ఆగి ఎనిమిదో రోజు కొత్తది మొదలుపెట్టాలి. మాత్రలు ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో పీరియడ్ వస్తుంది. ఎనిమిదో రోజుకి ఇంకా కొద్దిగా అవుతూ ఉండొచ్చు. "పూర్తిగా ఆగాక మొదలుపెడదాం" అని తొమ్మిదికో పదికో జరుపుతారు. పిల్స్ వాడేవాళ్ళు చేసే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది ఇది. గర్భం రాకుండా ఉండే రక్షణ పోతుంది, ఆ నెల బ్లీడింగ్ కూడా గాడి తప్పుతుంది. అవుతున్నా అవకపోయినా ఎనిమిదో రోజు మాత్ర పడాల్సిందే. 28 మాత్రల ప్యాక్‌లో ఈ లెక్క మీరు పెట్టుకోనక్కర్లేదు. చివర్లో ఉండే రంగు మాత్రలు ఆ గ్యాపు కోసమే. మాలా-ఎన్‌లో అవి ఐరన్ మాత్రలు.

వ్రతం ఉంది, తిరుపతి ఉంది, పెళ్ళి ఉంది

మనవాళ్ళలో మధ్య బ్లీడింగ్‌కి పెద్ద కారణం, డాక్టర్‌కి ఎవరూ చెప్పనిది ఇదే. శ్రావణ శుక్రవారానికి డేట్ అడ్డొస్తుందని అత్తగారో అమ్మో ఫోన్ చేస్తారు. పిల్స్ మీద ఉన్న అమ్మాయి మెడికల్ షాపుకి వెళ్ళి వాయిదా మాత్రలు తెచ్చుకుని వీటితో పాటు నాలుగు రోజులు వేసుకుంటుంది, పండగ కాగానే రెండూ ఆపేస్తుంది. తర్వాత పది పదిహేను రోజులు అడపాదడపా అవుతూనే ఉంటుంది.

మీరు ఇప్పటికే పిల్స్ మీద ఉంటే వాయిదాకి వేరే మాత్ర అక్కర్లేదు. ఉన్న స్ట్రిప్ అయిపోయిన మర్నాడే, గ్యాపు లేకుండా, కొత్త స్ట్రిప్ మొదలుపెట్టండి. 28 ప్యాక్ అయితే చివరి రంగు మాత్రలు వదిలేసి కొత్త ప్యాక్‌లోకి వెళ్ళండి. అన్ని హార్మోను మాత్రలూ ఒకే డోసులో ఉండే ప్యాక్‌లకి ఈ పద్ధతి కుదురుతుంది, పైన చెప్పిన బ్రాండ్లన్నీ అలాంటివే. రెండో స్ట్రిప్‌లో కాస్త స్పాటింగ్ రావొచ్చు. అందుకే ముఖ్యమైన కార్యమైతే ఒకట్రెండు నెలల ముందే ఒకసారి ఇలా చేసి చూసుకోవడం తెలివైన పని. పీరియడ్ రాకపోతే లోపల రక్తం నిలవైపోతుందన్న భయం వద్దు. పిల్ మీద ఉన్నప్పుడు పొర పెరగదు, నిలవ ఉండటానికి అక్కడేమీ లేదు.

వరుసగా స్ట్రిప్‌లు వాడుతుండగా స్పాటింగ్ మొదలై విసిగిస్తుంటే ఒక ఉపాయం ఉంది. కనీసం 21 మాత్రలు వేసుకున్నాక మూడు నాలుగు రోజులు ఆపి, పొరను దిగనిచ్చి మళ్ళీ మొదలుపెట్టడం. నెలకి ఒకసారికి మించి చేయకూడదు. మొదటిసారి మాత్రం డాక్టర్‌కి చెప్పే చేయండి.

ఇంకేం మందులు వాడుతున్నారు?

టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమాజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్ పిల్ శక్తిని తగ్గిస్తాయి. వీటితో స్పాటింగే కాదు, గర్భం కూడా రావొచ్చు. గొంతునొప్పికో పంటికో ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఆ గొడవ లేదు, వాంతులు విరేచనాలు కాకపోతే చాలు. పీసీఓఎస్‌కి కూడా ఇచ్చే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ పిల్‌కి అడ్డు రాదు గానీ మొదటి వారాల్లో కడుపు పాడుచేస్తుంది, తిన్నాకే వేసుకోండి. అవాంఛిత రోమాలకి ఇచ్చే స్పైరొనొలాక్టోన్ సొంతంగానే నెలసరి లయ చెడగొట్టగలదు.

కొత్తగా వచ్చింది బరువు తగ్గే ఇంజెక్షన్. టిర్జెపటైడ్, అంటే 2025 మార్చిలో ఇక్కడ అమ్మకానికి వచ్చిన మౌంజారో, కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, దాంతో పిల్ ఒంటికి సరిగా అందకపోవచ్చు. మొదలుపెట్టిన 4 వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ ఇంకో 4 వారాలూ కండోమ్ కూడా వాడాలి. ఇంజెక్షన్ ఒకరు, పిల్ ఇంకొకరు రాస్తే ఈ మాట చెప్పేవాళ్ళే ఉండరు.

సిగరెట్ కూడా స్పాటింగ్‌ని పెంచుతుంది. 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు ఈ రకం పిల్ అసలు వాడకూడదు. బీపీ ఎక్కువున్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులు కనిపించాక వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు కూడా అంతే. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

షాపులో అడిగి తెచ్చుకోకూడనివి

బ్లీడింగ్ ఆగడానికని షాపుల్లో చేతికిచ్చేది ట్రానెక్సామిక్ యాసిడ్. పిల్స్‌తో కలిపి దాన్ని సొంతంగా వాడకండి. రెండూ రక్తం గడ్డకట్టే వైపే తోస్తాయి. ఆస్ప్రిన్ బ్లీడింగ్‌ని పెంచుతుంది, నొప్పికి అది వద్దు. ఆగుతుందేమోనని రోజుకి రెండు పిల్స్ వేసుకోవడం కూడా వద్దు, ఎవరికి ఎన్ని రోజులు అలా ఇవ్వాలో డాక్టర్ చెప్పాలి.

డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి

ఖాళీ స్ట్రిప్, ఫోన్‌లో రాసుకున్న లెక్క. తేదీ, మరకా చుక్కలా ప్యాడ్ నిండిందా, ఎన్నో మాత్ర రోజు, ఏదైనా తప్పిందా, కలిసిన తర్వాత వచ్చిందా. ఇంతే రాస్తే చాలు. డాక్టర్ అడిగే "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు" అన్న ప్రశ్నకి పిల్స్ మీద ఉన్నవాళ్ళకి సూటి జవాబు ఉండదు, ఈ లెక్కే జవాబు. కలిసిన తర్వాత రక్తం, వాసనతో తెల్లబట్ట ఉంటే దాచకండి. ఇన్ఫెక్షన్‌నో గర్భాశయ ముఖద్వారాన్నో చూడాలి.

పరీక్షల్లో సాధారణంగా హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఉంటాయి, స్కానింగ్‌లో పాలిప్, ఫైబ్రాయిడ్, పొర మందం చూస్తారు. పెళ్ళి కాలేదంటే సాధారణంగా పొట్ట మీద నుంచే స్కాన్ చేస్తారు, బాగా నీళ్ళు తాగి వెళ్ళండి. యాప్‌లో ఆఫర్‌లో కనిపించే "పీసీఓఎస్ ప్యాకేజీ" మాత్రం పిల్స్ మీద ఉండగా కొనకండి. టెస్టోస్టిరోన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ లాంటివి పిల్ ప్రభావంలో అసలు సంగతి చెప్పవు, కనీసం మూడు నెలలు మానేశాకే వాటికి అర్థం ఉంటుంది. పిల్ మొదలుపెట్టకముందు ఏడాదికి రెండు మూడుసార్లే పీరియడ్ వచ్చిన చరిత్ర ఉండి, వయసు 35 దాటినా బరువు ఎక్కువున్నా, పొర ముక్క తీసి పరీక్షిద్దామని డాక్టర్ అనొచ్చు. భయపెట్టడానికి కాదది, పొర అతిగా పెరిగి క్యాన్సర్ వైపు పోలేదని తేల్చుకోవడానికి.

అన్నీ మామూలుగా ఉంటే డోసు 20 నుంచి 30కి పెంచడమో, రెండో హార్మోను మార్చడమో చేస్తారు. పిల్ పడనివాళ్ళకి గర్భాశయంలో అమర్చే హార్మోను లూప్ ఉంది. పెళ్ళికి ముందు ఈ మాత్రలు వాడితే పిల్లలు పుట్టరని అమ్మ భయపడితే ఆవిడనీ వెంట తీసుకెళ్ళండి. పిల్ వల్ల సంతానం పోదు, ఆ మాట డాక్టర్ నోట వింటే ఆవిడ నిద్రపోతుంది.

మానేయాలని మీరే నిర్ణయించుకుంటే నడుస్తున్న స్ట్రిప్ పూర్తిచేసి మానండి. తర్వాత ఒక పీరియడ్ వస్తుంది. అక్కణ్ణుంచి 90 రోజులు దాటినా ఇంకోటి రాకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుని, తర్వాత మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అప్పటికి ఆ పొర మళ్ళీ పెరగడం మొదలుపెట్టి ఉంటుంది.